గడప మనిషి

ఆ పేరు పెట్టింది నేనే. ఇంకొకరి మీదకు నెట్టడానికి వీల్లేదు.

ఆ వేసవంతా ఎవరో ఒకరు రోజూ పొద్దున పదకొండు గంటలకు మేం తయారుచేసిన కంటి ఆసుపత్రి వెబ్‌సైట్‌లోకి వచ్చేవారు. మొదటి పేజీ దాటేవారు, రెండో పేజీ దాటేవారు, మూడో పేజీలో సరిగ్గా ఐదు నిమిషాలు నిలబడి, డాక్టరుగారి టైమ్ తీసుకోకుండానే వెళ్ళిపోయేవారు. మర్నాడు అదే వేళకు మళ్ళీ ప్రత్యక్షం. వచ్చింది ఎవరో వెబ్‌సైట్‌కు తెలియదు. ఎన్నింటికి వచ్చారు, ఎక్కడిదాకా వచ్చారు, ఎక్కడ ఆగారు, అంతవరకే రాసిపెడుతుంది. "గడప దాకా వచ్చి లోపలికి రాకుండా పోయే మనిషి" అన్నాను ఒకరోజు. అది కాస్తా "గడప మనిషి" అయింది. ఆఫీసులో అందరం కడుపుబ్బా నవ్వుకున్నాం. అందరం అంటే ఇద్దరమే, నేనూ మీటరూ.

మీటరు నా భాగస్వామి. ప్రతిదాన్నీ కొలిచి చెప్పే అలవాటు వల్ల కాలేజీలోనే ఆ పేరు స్థిరపడిపోయింది. టీ చల్లారడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా చెప్పగలడు. మా ఆఫీసు పిల్లల చెప్పుల కొట్టు మేడ మీద రెండు గదులు. ఒకదాంట్లో మా కంప్యూటర్లు, రెండోదాంట్లో కొట్టువాళ్ళ ఖాళీ అట్టపెట్టెలు. కొత్త రబ్బరు వాసన మెట్లెక్కి వచ్చి మా బట్టలకు పట్టేది. ఇంటికి వెళ్ళగానే అత్తయ్య ముక్కు మూసుకుని, "వచ్చిందమ్మా బూటు" అనేది. అత్తయ్య అంటే నాన్నకు అక్క. అమ్మ పోయిన దగ్గర్నుంచీ మా ఇంట్లోనే ఉంటూ మా ఇద్దరి మీదా పెత్తనం చేస్తోంది.

కింది కొట్టు వెబ్‌సైటే మాకు పేరు తెచ్చిన పని. అందులో రెండు సదుపాయాలు జనానికి తెగ నచ్చాయి. ఒకటి గడియారం. ఆఖరి జత ఎవరైనా ఎంచుకుంటే ఐదు నిమిషాలు వాళ్ళ పేరు మీద ఆపి ఉంచుతుంది. తెర మీద అంకెలు తగ్గుతూ ఉంటాయి. ఆలోగా తేల్చుకోకపోతే పేజీ ఖాళీ అయిపోయి, ఆ జత ఇంకొకరికి దొరుకుతుంది. రెండోది పుట్టిన తేదీ నింపే పెట్టె. పుట్టినరోజుకు పిల్లలకు శుభాకాంక్షలు పంపడానికి పెట్టాం. టైపు చేసే పని లేదు, బాణం గుర్తు నొక్కుతుంటే సంవత్సరాలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్తాయి. నాలుగేళ్ళ పిల్లకు నాలుగు నొక్కులు. చంకలో బిడ్డను ఎత్తుకున్న తల్లి కూడా ఒంటిచేత్తో నింపేయవచ్చు. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అక్కడ అది నిజంగా మంచిదే.

ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. కంటి ఆసుపత్రి మేనేజరుగారు మమ్మల్ని పిలిపించారు. మా వెబ్‌సైట్‌లో మనవరాలికి బూట్లు కొన్నారట.

"నాకూ అచ్చం అలాంటిదే కావాలి. గొడవ లేకుండా చకచకా అయిపోవాలి" అన్నారు.

"చెప్పుల కొట్టు వేరు, ఆసుపత్రి వేరండీ" అన్నాను. నిజంగానే అన్నాను. "ఏ వెబ్‌సైట్‌కి వచ్చే మనిషి ఆ వెబ్‌సైట్‌కి ఉంటాడు. కొట్టుకైతే బొమ్మలు పెద్దగా ఉండాలి. వార్తలకైతే అక్షరం కళ్ళకి హాయిగా ఉండాలి. బడికైతే తేదీలు ముందు కనపడాలి. ముందు మనిషిని ఊహించుకుని, ఆ తర్వాతే ఏది పెట్టాలో ఎంచుకోవాలి."

ఈ మాటలు నావి కావు. మా నాన్నవి. ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో ముప్ఫై నాలుగేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాడు. పిల్లల పుస్తకానికి లావు అక్షరం ఎందుకో, నిఘంటువుకు సన్నక్షరం ఎందుకో నా చిన్నప్పుడే చెప్పాడు. "ముందు చదివేవాణ్ణి చూడు తల్లీ, తర్వాత అక్షరం చూడు" అనేవాడు. నేను ఆ మాటల్లో పుస్తకం తీసేసి వెబ్‌సైట్ పెట్టి, ఎక్కడ మీటింగు జరిగినా నా సొంత తెలివిలా ఒప్పజెప్పేదాన్ని. ఆ రోజూ అంతే చేశాను. కష్టమేమిటంటే, చెప్పిన మాట నేను కూడా వినలేదు.

మేనేజరుగారు గడియారం చూసుకున్నారు. "అవన్నీ మీకే వదిలేస్తున్నా. నా బాధ ఒక్కటే. ఒకడు డాక్టరుగారి దగ్గర పదిన్నర టైమ్ పట్టుకుని, వివరాలు నింపకుండా నాన్చుతూ కూర్చుంటే ఇంకొకడికి దొరకదు కదా. అలా జరక్కూడదు."

"దానికి మా దగ్గర మందుంది సార్" అన్నాడు మీటరు, నా వంక చూసి. ఏ మందో నాకూ తెలుసు. చెప్పుల కొట్టు గడియారం.

ఆ గదిలోనే అద్దాల గూట్లో ఒకావిడ ఫోన్ దగ్గర కూర్చుని ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఆసుపత్రి గొంతు ఆవిడదే. అందరూ ఫోనమ్మ అంటారు. రిసీవరు పక్కన పెట్టి, మెడ బయటకు చాచి, "ఒక్క మాటండీ. మన దగ్గరికొచ్చేవాళ్ళకి కళ్ళు సరిగ్గా కనపడవు. అందుకే కదా వస్తారు" అంది.

"అందుకే ఇంట్లో పిల్లల చేత చేయించుకుంటారమ్మా" అన్నారు మేనేజరుగారు, తేలిగ్గా నవ్వుతూ. మీటరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోనమ్మ మళ్ళీ రిసీవరు ఎత్తుకుంది.

అలా గడియారమూ, బాణం పెట్టే ఉన్నవి ఉన్నట్టుగా చెప్పుల కొట్టు నుంచి కంటి ఆసుపత్రికి నడిచొచ్చేశాయి. ఫోన్ నంబరు పైన ఉంటే జనం ఫోన్ చేసే అలవాటు మానరని మేనేజరుగారు అంటే, దాన్ని అట్టడుగుకు దించాను. అక్కడ నల్లరంగు మరీ కొట్టొచ్చినట్టుంది అనిపించి బూడిదరంగు వేశాను. శుభ్రంగా ఉందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

వెబ్‌సైట్‌లో రాయవలసిన మాటలన్నీ కాగితం మీద అచ్చుతీసి ఒక ఆదివారం పొద్దున నాన్న ముందు పెట్టాను. ఏ పని చేసినా అది మా ఇంటి ఆనవాయితీ. నాన్న దిద్దకుండా నా అక్షరం బయటకు పోదు. కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తాడని ప్రెస్సులో పేరు. నీలం పెన్సిలు చెక్కుకుని, కాగితాన్ని కిటికీ వైపు తిప్పి, మెడ వంచి మొదలుపెట్టాడు. గంటలో అయిపోయింది. పూర్వమైతే పూటంతా కూర్చునేవాడు.

"ఒక్క తప్పూ లేదా?" అన్నాను ఆశ్చర్యంగా.

"లేదు. బాగా రాశావు."

ఎగిరి గంతేశాను. ముప్ఫై ఏళ్ళ జీవితంలో నాన్న చేతిలోంచి గీతలు లేని కాగితం తిరిగి రావడం అదే మొదటిసారి. ఒక్కచోట మాత్రం అంచులో చిన్న ప్రశ్నార్థకం ఉంది. నాన్న భాషలో ప్రశ్నార్థకం పెడితే తప్పని కాదు. నువ్వు అనదలుచుకున్నది ఇదేనా అని అడగడం. ఐదు నిమిషాలు దాటినప్పుడు తెర మీద వచ్చే వాక్యం అది. "మీ సమయం అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి నింపండి."

"ఇదేంటి నాన్నా? తప్పా?"

"వాక్యంలో తప్పేం లేదు."

"మరి?"

"ఎవరితో అంటున్నావు ఈ మాట?"

"ఐదు నిమిషాల్లో నింపనివాళ్ళతో."

"ఊఁ" అన్నాడు. "మా అక్కతో అను చూద్దాం, ఏమంటుందో."

వంటింట్లోంచి అత్తయ్య వెంటనే అందుకుంది. "నా సమయం అయిపోతే మీ ఇద్దరికీ కాఫీ ఎవరు కలుపుతార్రా?"

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నవ్వులో ప్రశ్నార్థకం కొట్టుకుపోయింది. వాక్యం అలాగే ఉంచేశాను.

వెబ్‌సైట్ మొదలైన రోజే ఫోనమ్మ నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మాయ్, ఏమనుకోకు. పైన పెద్దక్షరాల్లో 'మీ చుపే మాకు ముఖ్యం' అని ఉంది. చూపుకి దీర్ఘం లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. అదీ కంటి ఆసుపత్రిలో, అదీ చూపు అన్న మాటలోనే. పరుగెత్తి సరిచేశాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నాన్నను పట్టుకున్నాను.

"ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు! మొదటి వాక్యం, రెండో మాట, దీర్ఘం వదిలేశావు. నీ పెన్సిలు లాగేసుకోవాలి."

నాన్న వెంటనే నవ్వలేదు. "ఏ మాట?" అన్నాడు. చెప్పాను. "చూపా?" అన్నాడు. తర్వాత నవ్వాడు. "వయసు వచ్చింది కదా తల్లీ. వదిలేయ్" అన్నాడు.

వదిలేశాను. అత్తయ్య ఆ వారంలోనే, "వీడు గ్లాసులో కాకుండా బల్ల మీద పోస్తున్నాడే నీళ్ళు, ఏ లోకంలో ఉంటాడో" అని విసుక్కుంది. అదీ వదిలేశాను. నాకు అప్పుడు అంకెలు తప్ప ఏమీ కనపడటం లేదు. రోజుకు వందకు పైగా జనం వెబ్‌సైట్‌లో టైమ్ తీసుకుంటున్నారు. మేనేజరుగారు ఆసుపత్రి గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టించారు, ఇకపై టైమ్ వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలని. ఫోనమ్మను పాత కాగితాలు సర్దే గదికి మార్చారు. అద్దాల గూడు ఖాళీ అయింది. మా గొప్పతనానికి అదొక రుజువని మీటరూ నేనూ అనుకున్నాం. కళ్ళు నెత్తికెక్కడం అంటే ఇదేనేమో.

గడప మనిషి రావడం మొదలైంది అప్పుడే.

"ఏదో పాత డొక్కు కంప్యూటరు నుంచి వస్తున్నాడు. ఈ కాలంలో ఎవరూ వాడని రకం" అన్నాడు మీటరు. "నాలుగు నిమిషాల పాటు పుట్టిన తేదీ దగ్గరే ఉంటాడు. తర్వాత టైమ్ అయిపోతుంది. మర్నాడు మళ్ళీ."

"ఎప్పుడు పుట్టాడో గుర్తురావడం లేదేమో."

"పదకొండుకు టీ తాగుతూ కాలక్షేపానికి వస్తున్నాడు. మన వెబ్‌సైటు ఆయనకి బిస్కెట్టు."

ఇలా ఉండేవి మా మాటలు. రోజూ పదకొండు కాగానే ఒకరి మొహం ఒకరం చూసుకుని, "వచ్చాడా?" "వచ్చాడు" అనుకునేవాళ్ళం. నెలాఖరున మేనేజరుగారికి పంపిన నివేదికలో మూడో పేజీలో ఆగిపోయేవాళ్ళ గురించి నా చేత్తో నేను రాసిన వాక్యం ఇది: "నిజంగా అవసరం లేనివారు ఇక్కడ తప్పుకుంటున్నారు."

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ కథంతా ఇంట్లో విప్పాను. గడప మనిషి ఎలా వస్తాడు, ఎలా నిలబడతాడు, ఎలా పోతాడు, అన్నీ అభినయించి చూపించాను. వేలితో గాల్లో బాణం నొక్కుతూ, మొహం వేలాడేసి, "అయ్యో, నేనెప్పుడు పుట్టానబ్బా" అన్నాను. అత్తయ్యకు నవ్వు ఆగక పొలమారింది. "పాపం, ఎవరి తండ్రో" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

నాన్న కూడా నవ్వాడు. "రోజూ వస్తాడా?" అన్నాడు.

"రోజూ. ఒక్క పూట తప్పడు."

"మీకంతా తెలిసిపోతుందన్న మాట."

"ఎవరో తెలీదు. రావడం, పోవడం తెలుస్తుంది."

"ఊఁ" అన్నాడు నాన్న. చేత్తో కంచం అంచు తడిమి, మెల్లగా ముద్ద కలుపుకున్నాడు. "పుట్టినరోజు మరిచిపోయే ఉంటాడు" అన్నాడు.

ఆ మర్నాడు గడప మనిషి రాలేదు. మంగళవారం రాలేదు. బుధ, గురువారాలూ రాలేదు. మాకు ఏదో వెలితిగా అనిపించింది కూడా. శుక్రవారం పదకొండు గంటలకు వచ్చాడు. "మన చుట్టం తిరిగొచ్చాడు" అని అరిచాను. మీటరు చప్పట్లు కొట్టాడు.

మరో పది రోజులకు, నేను ఆలస్యంగా ఆఫీసుకు బయలుదేరుతుంటే అత్తయ్య నాన్న కళ్ళజోడు నా చేతిలో పెట్టింది. "మీ నాన్న మళ్ళీ మరిచిపోయాడు. ఈ వారంలో ఇది మూడోసారి. కళ్ళజోడు లేకుండా అక్కడ ఏం దిద్దుతాడో ఏమో. ఇచ్చి వెళ్ళు."

ప్రెస్సు మా ఆఫీసుకు రెండు వీధుల అవతల. లోపలికి అడుగుపెట్టగానే సిరా వాసన, మిషన్ల మోత. పదకొండు గంటల టీ వేళ కాబట్టి మనుషులంతా వెనక వరండాలో ఉన్నారు. నాన్న బల్ల ఖాళీగా ఉంది. కాగితం రీముల దొంతరల వెనక, ఎవరూ వాడని మూలలో ఒక పాత కంప్యూటరు ఉంది. దాని ముందు నాన్న కూర్చుని ఉన్నాడు. ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా, మెడ ఒక పక్కకు వాల్చి, ఎడమ కంటితో చూస్తున్నాడు. చూపుడువేలు ఒకే మీట మీద పడి లేస్తోంది. పెదాలు కదులుతున్నాయి.

"ఎనభై రెండు... ఎనభై ఒకటి... ఎనభై..."

వెనకనుంచి నాకు తెర కనపడింది. నేను వేసిన రంగులు, నేను ఎంచిన అక్షరాలు, పైమూలలో నేను పెట్టిన గడియారం. అంకెలు తగ్గుతున్నాయి. నాన్న వేలు ఒక్కోసారి తొందరపడి రెండుసార్లు పడేది. అప్పుడు ఆగి, తెర మీదకు ఇంకా వంగి, ఎక్కడున్నాడో వెతుక్కుని మళ్ళీ మొదలుపెట్టేవాడు. డెబ్బై దాటాడు. అరవైలలోకి వచ్చాడు. ఆయన పుట్టింది యాభై తొమ్మిదిలో.

"అరవై మూడు... అరవై రెండు..."

పేజీ తెల్లబడింది. మధ్యలో ఒకే వాక్యం వచ్చింది. నాన్న దాన్ని చదవలేదు, చదవాల్సిన పని లేదు. కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఒక అడుగు ముందుకు వేశాను. చేతిలో కళ్ళజోడు చప్పుడయిందేమో, వెనక్కి తిరిగాడు.

"ఎవరూ?"

రెండు గజాల దూరంలో ఉన్నాను. ఎవరూ అన్నాడు.

"నేనే నాన్నా. కళ్ళజోడు మరిచిపోయావు."

"మరిచిపోలేదు. దాంతో ఇప్పుడేం తేడా రావడం లేదు" అన్నాడు. తర్వాత, తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా, "ఎంతసేపయింది వచ్చి?" అన్నాడు.

"ఇప్పుడే" అన్నాను.

నమ్మలేదు. రీముల మీద చెయ్యి ఆనించి లేచాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "నాకు చెప్పొచ్చు కదా నాన్నా. నేను ఒక్క నిమిషంలో చేసేదాన్ని."

"చెబితే నీకు తెలిసిపోతుంది కదా, కన్ను పోతోందని. ప్రెస్సు మానేయమంటావు. ముందు డాక్టరుకు చూపించుకుని, మందు వేసుకుని, బాగయ్యాక చెబ్దామనుకున్నా." కంప్యూటరు తెర వైపు చెయ్యి చూపించాడు. "అదీకాక, నువ్వు చేసిన వెబ్‌సైటు కదా. నా అంతట నేనే టైమ్ తీసుకుని ఆ చీటీ నీకు చూపిద్దామనుకున్నా. ఇదిగో, నీ దాంట్లో ముసలాడు కూడా టైమ్ తీసుకోగలిగాడు అని."

"మరి ఆ ఆదివారమన్నా..."

"ఆ ఆదివారం చెబ్దామనే కూర్చున్నా. ఈలోగా నువ్వు ఆ గడప మనిషి కథ మొదలుపెట్టావు." నాన్న నవ్వబోయాడు. "బాగా చేశావు. నాకూ నవ్వొచ్చింది. నవ్వాక ఇక అది నేనే అని ఎలా చెప్పను?"

నేను ఆ రీముల దొంతర మీదే కూర్చుండిపోయాను.

ఇద్దరం అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళాం. గేటు దగ్గర కాపలా మనిషి నాన్నను చూడగానే గుర్తుపట్టాడు. "పెద్దాయనా, టైమ్ దొరికిందా?" అని, నావైపు తిరిగి, "ఆమధ్య ఒకరోజు వచ్చారండీ. ఇక్కడ ఇవ్వరు, వెబ్‌సైట్‌లోనే తీసుకోవాలి అంటే, 'తెలుసయ్యా, అది మా అమ్మాయే చేసింది' అని చెప్పి వెళ్ళిపోయారు. ఈవిడేనా?" అన్నాడు. "ఈవిడే" అన్నాడు నాన్న. ఆ గొంతులో గర్వం అలాగే ఉంది. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

మేనేజరుగారు ఊళ్ళో లేరు. ఫోనమ్మ పాత కాగితాల గదిలోంచి దుమ్ము దులుపుకుంటూ వచ్చి, నన్ను ఒక్క మాటా అడగకుండా, నాన్న చెయ్యి పట్టుకుని డాక్టరుగారి గదికి తీసుకెళ్ళింది. అడిగి ఉంటే బాగుండేది.

డాక్టరుగారు చాలాసేపు చూశారు. కంట్లో ఒత్తిడి పెరిగిపోయిందన్నారు. నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా లోపలి నరాన్ని తినేస్తుందట. కుడి కన్ను దాదాపు పోయింది. పోయిన చూపు తిరిగి రాదు. ఎడమ కన్నును మందులతో, అవసరమైతే ఆపరేషన్‌తో ఉన్నంతవరకు నిలబెడదామన్నారు.

"తేడా ఎప్పుడు గమనించారు?" అని అడిగారు, రాసుకుంటూ.

"ఎండలు మొదలయ్యేటప్పుడండీ."

"మూడు నెలలు! అప్పుడే రావలసింది కదండీ."

"వస్తూనే ఉన్నానండీ" అన్నాడు నాన్న. "రోజూ వచ్చాను."

డాక్టరుగారికి అర్థం కాలేదు. ఏదో పెద్దాయన మాట అనుకుని తలూపి, మందులు రాయడంలో పడ్డారు. నేను గోడ మీది అక్షరాల పట్టిక వైపు చూస్తూ ఉండిపోయాను. పైన పెద్ద అక్షరం ఒక్కటే, కిందికి వెళ్ళేకొద్దీ చిన్నవి. అన్నిటికంటే అడుగున ఉన్నవి నేను ఫోన్ నంబరుకు వేసిన అక్షరాలంత ఉన్నాయి.

ఇంట్లో అత్తయ్యకు చెప్పవలసి వచ్చింది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవాలనుకున్నాను. మందు సీసా మూత తీసి నాన్న తలను ఒళ్ళో పెట్టుకుని, "కదలకురా" అంటూ చుక్కలు వేసింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటకు రాలేదు.

మర్నాడు పదకొండు గంటలకు నేనూ మీటరూ కంప్యూటరు ముందు కూర్చున్నాం. గడప మనిషి ఎవరో వాడికి చెప్పేశాను. వాడు ఆ రోజు ఏదీ కొలవలేదు. నాన్న రాడు కదా, మూడో పేజీ ఖాళీగా ఉంటుందనుకున్నాను. పదకొండుంబావుకు ఎవరో వచ్చి ఐదు నిమిషాలు నిలబడి పోయారు. పన్నెండుకు ఇంకెవరో. ఒంటిగంట లోపు ఏడుగురు. వాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. ఒక మనిషినే చూసి నవ్వుకుంటూ మేం మిగతావాళ్ళను లెక్కలోకే తీసుకోలేదు.

గడియారం ఆ పూటే తీసేశాను. బాణం పెట్టె తీసేసి, వయసు ఎంతో రాస్తే చాలు అని పెట్టాను. ఫోన్ నంబరు అన్నిటికంటే పైన, నల్లగా, అరచేయంత వేశాను. మేనేజరుగారు వచ్చాక ఒప్పుకోవడానికి కొంత గింజుకున్నారు. నెలాఖరు నివేదికలో నేను రాసిన వాక్యం చూపించి, అది అబద్ధమని నేనే చెప్పాను. వానలు మొదలయ్యేసరికి ఫోనమ్మ అద్దాల గూట్లోకి తిరిగొచ్చింది. ఇవన్నీ మూడు నెలల ముందు ఒక్క పూటలో చేయగలిగిన పనులు.

నాన్న ప్రెస్సు మానేశాడు. ఎవరూ మానమనలేదు, ఆయనే ఒకరోజు నీలం పెన్సిళ్ళ డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. వాన పడుతున్న ఒక పొద్దున వరండాలో బల్ల దగ్గర కూర్చుని ఉంటే, పాత కాగితం తీసుకెళ్ళి పక్కన కూర్చున్నాను. అంచులో ప్రశ్నార్థకం ఇంకా ఉంది.

"నాన్నా, ఈ వాక్యం తీసేయాలి. మధ్యలో ఆపేసినవాళ్ళకి ఏం చెప్పాలో నువ్వే చెప్పు."

"గడియారం తీసేశావుగా. ఇంకా చెప్పడమెందుకు?"

"అయినా ఆగిపోయినవాళ్ళుంటారు."

కాగితం అంచును వేలితో తడిమాడు. తర్వాత, ప్రెస్సులో కంపోజర్లకు చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "తొందరేం లేదు. మీరు నింపినదంతా భద్రంగా ఉంది. మిగతాది వీలైనప్పుడు నింపండి. కష్టంగా ఉంటే ఫోన్ చేయండి, మేం నింపుతాం."

రాసుకున్నాను. లోపలికి వెళ్ళి, లావు అక్షరాలతో అచ్చుతీసి తెచ్చి ఆయన ముందు పరిచాను. నాన్న కాగితాన్ని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కాసేపటికి కింద పెట్టి, "చదువు" అన్నాడు. చదివాను. రెండోసారీ చదివించుకున్నాడు. డబ్బాలోంచి పెన్సిలు తీసి, అలవాటుగా కుడి అంచు వైపు చెయ్యి జరిపి, సరిగ్గా ఉందని తాను ఎప్పుడూ పెట్టే చిన్న టిక్కు పెట్టాడు.

"కాగితం మీదే పడిందా?" అని అడిగాడు.

టిక్కు కాగితం దాటి, జానెడు అవతల బల్ల మీద పడింది.

"పడింది నాన్నా" అన్నాను.